పెట్రోలు మూత

“కర్పూరం ఎలిగించొద్దు. అగ్గిపెట్టె లోపల పెట్టిరా.”

భర్త దేవేంద్ర కేకకు హారతి పళ్లెం పట్టుకున్న కృష్ణవేణి గడప దగ్గరే ఆగిపోయింది. పదకొండుకు కుప్పంలో ఆమె తమ్ముడి పెళ్లి. మదనపల్లెలో అప్పటికే ఏడు దాటింది. కారుకు హారతి తిప్పి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించందే ఆమె బయలుదేరనివ్వదు.

“యాల? ఏమైంది?”

“ఇందాక నువ్వు సీట్లో కూచోని బ్యాగు సర్దతాంటే గుప్పుమనె. పెట్రోలు. ట్యాంకు మూత లీకవుతాండాది.”

“నాకేం వాసన రాలేదే.”

“రెండు దినాల నుంచి జలుబు. నీ ముక్కుకు యాడ తెలస్తాది?”

మెకానిక్ కోసం చూస్తే తాళి కట్టడం అయిపోతుంది. మూత తానే మారుస్తానన్నాడు దేవేంద్ర. ఫోనులో వీడియో చూసిన నాటి నుంచి ఈ పనికి అతని చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. ఫోను అరుగు మీద వదిలి, మూత మెల్లగా తిప్పి తీశాడు.

“దొరికింది సూడు. రబ్బరు పగిలిండాది.”

వెంట్రుకంత గీత. అతనికి నిధి దొరికినంత సంబరమైంది. పాత మూతే మళ్లీ బిగించి, బైకు మీద పుంగనూరు రోడ్డుకు పరుగెత్తాడు. స్పేర్ పార్ట్స్ కొట్టు వెనకే కాపురముండే గిరిబాబును లేపి, ఆ కారుకు సరిపోయే కొత్త మూత తెచ్చాడు. పొడిగుడ్డతో అంచు తుడిచి బిగించాడు.

టిక్. టిక్. టిక్.

మూత దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. వాసన లేదు. పెళ్లి అందినట్టే. ఆ ఆనందంలో గెంతినంత పని చేశాడు.

“ఇంగ తే హారతి.”

కృష్ణవేణి కర్పూరం వెలిగించి, పట్టుచీర గరగరలాడుతుండగా దగ్గరకొచ్చింది.

గుప్పుమంది. మళ్లీ పెట్రోలే.

దేవేంద్ర పళ్లెం లాక్కుని పక్కనున్న నీళ్ల బకెట్లో ముంచేశాడు. “కొత్త మూత గూడా లీకే. ఇంగ పెండ్లికి బస్సులోనే పోవల్ల.”

అలికిడికి అతని తల్లి సుభద్రమ్మ బయటికొచ్చింది. కోడలిని ఎగాదిగా చూసి, మురిపెంగా ఆమె పట్టుచీర కొంగు సవరించింది.

“నూనె మరక జాడైనా లేదు సూడు కిష్ణేణీ. పొద్దున్నే వాడి బైకులోంచి అరగ్లాసు పెట్రోలు తీసి కొంగంతా రుద్దినా.”