ఒట్టి సీటుతో ముచ్చట

పెట్రోల్ బంకులో దిగిన కొత్త పెళ్లాన్ని అక్కడే వదిలేసి వెళ్లిన అన్వేష్, బండి తిప్పుకొని చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏంది సారూ, యాదికొచ్చిన్నా?" అంది తృప్తి.

"ఎనక కూసున్నవనుకున్న. కండ్లకోయ చౌరస్తా దాకా నీతోనే మాట్లాడుకుంట పోయిన."

ఆమెకు నవ్వాగలేదు. "ఒట్టి సీటుతోని ఏం ముచ్చట పెట్టినవ్?"

"పొద్దుగాల వార్తల్ల చూసినం గదా, బిడ్డను కార్ల మర్చిపోతే ఎండకు పానం పోయిందని. ఆ తండ్రినే తిడుతున్న, కన్నబిడ్డను ఎవడన్న మరుస్తడా అని."

తృప్తి నవ్వు ఆగిపోయింది. "బడిలో దింపాననుకున్నా" అని ఆ తండ్రి ఏడుస్తుంటే, దొంగ ఏడుపని పొద్దున మొదట అన్నది తనే.

బండెక్కి, అతని నడుం గట్టిగా పట్టుకుంది.

"ఆయన నిజమే చెప్పిండేమో," అంది మెల్లగా. "ఇగ పోనియ్. నడుమ నడుమ నన్ను పిలుసుకుంట ఉండు."