జొన్న పెట్టె

"ఇయ్యాల శేట్ ఎన్ని పెట్టెలు తెమ్మన్నడు?" బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే అడిగింది చంద్రభాగ.

"ఎన్నుంటే అన్ని తెమ్మన్నడు," అంటూ పెంటప్ప గడపలోనే కూలబడ్డాడు. కుంఠా నాకాలోని శేట్ గోదాము నుంచి జోడ్‌భావి పేట్‌లోని ఇంటికి నడిచేసరికి ఊపిరి అందడం లేదు. మరమగ్గాల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, మళ్లీ మగ్గం దగ్గర నిలబడితే బతకడం కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు.

అందుకే ఈ పెట్టెల పని పట్టుకున్నాడు. కోసిన చేలల్లో మిగిలిన జొన్న కొయ్యకాళ్లు ఏరి తెచ్చి, నానబెట్టి, దంచి, నూలుకు పెట్టే గంజి కలిపి అట్టలుగా ఎండబెట్టేవాడు. ఆ అట్టలతో చద్దర్లు సర్దుకునే పెట్టెలు చేసేవాడు. పేటంతా నవ్వింది. చద్దర్ల శేట్ ఒక్కడే నవ్వలేదు. పెట్టెను అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఇంకా తెమ్మన్నాడు.

ఆ ఏడు వానల్లేవు. కొయ్యకాళ్లు నానబెట్టడానికి నీళ్లు మోసి మోసి చంద్రభాగ నడుము పడిపోయింది.

"శేట్‌కు నచ్చినయి గని, ఆయన షరతులే సమజ్ అయితలేవు," అన్నాడు పెంటప్ప. "పిన్నులు కొట్టొద్దట. గంజిల మైలుతుత్తం కలపొద్దట."

"మైలుతుత్తం లేకుంటే పురుగు పట్టదా?"

"నేను గదే అడిగిన. పురుగు పట్టేదాక ఉండయి, జల్దీ అయిపోతయి అన్నడు. ఇంగ జరంత ఉప్పు కలపమన్నడు."

"ఉప్పెందుకయ్యా?"

"అంత పెద్ద బేపారి. ఆయనకు తెల్వదా?"

చంద్రభాగ నిట్టూర్చి, గంజిలో గుప్పెడు ఉప్పు వేసింది. ఒళ్లు హూనమవుతున్నా ఆమెకు ఒకటే నిబ్బరం. మగడు మళ్లీ మగ్గం మొహం చూడనక్కర్లేదు.

ఎట్టకేలకు వానలు పడ్డాయి. పేటలో అందరి ముఖాలూ తేటపడ్డాయి. కొద్దిరోజులకే, ఇక పెట్టెలు చాలని శేట్ కబురు పంపాడు.

"వానకు నానుతయని భయపడ్డట్టున్నడు," అన్నాడు పెంటప్ప.

కొవ్వొత్తులు కరిగించి ఒక పెట్టెకు లోపలా బయటా పూశాడు. చంద్రభాగ చెంబెడు నీళ్లు పోసి చూసింది. చుక్క కూడా కారలేదు. చాలా కాలానికి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పెట్టెను చంకన పెట్టుకుని, ఆగి ఆగి దగ్గుతూ, పెంటప్ప కుంఠా నాకా చేరాడు.

శేట్ గోదాము వెనక పెరట్లో ఉన్నాడు. ఎప్పుడూ పెట్టెలు దింపించుకునేది అక్కడే.

"చూడుండ్రి శేట్‌జీ, మైనం పూసిన. ఎంత వానకైనా నానది. మీరు వద్దంటే నేను మల్ల మగ్గం మీదికే పోవాలె. పోతే బతకను."

శేట్ పెట్టెను ముట్టుకోలేదు. పెంటప్పను జాలిగా చూశాడు.

"పచ్చగడ్డి మొలిసినంక మా బర్రెలు నీ పెట్టెలు తింటలేవు, పెంటప్పా."