గుండ్రటి అంచు

“నేను ఏరికోరి తెచ్చిన స్టీలు బీడింగులేవి?” బాత్‌రూమ్ గుమ్మంలోంచే గద్దించింది టీచరమ్మ.

గోడ మలుపులో టైల్సు కలిసే అంచున, తళతళలాడే స్టీలుకు బదులు గుండ్రటి తెల్ల ప్లాస్టిక్ బీడింగు ఉంది. మేస్త్రి చేతివాటం చూపించాడని ఆమెకు అర్థమైపోయింది.

“తలుపు వెనకాలున్నాయమ్మా, చూసుకోండి,” అన్నాడు మేస్త్రి.

చూసింది. తను తెచ్చిన ఆరూ అక్కడే ఉన్నాయి. దొంగతనం కాదని తేలినా, అనుమానం ఇంకా ముదిరింది.

“మరి ఇదెవరి పెత్తనం?”

“సారే మార్చమన్నారు.”

“మా ఆయనా? కొత్త గోడల రంగెలా ఉందంటే నవ్వి ఊరుకున్న మనిషి, బీడింగు మార్చమన్నాడా? అబద్ధమైనా అతికినట్టుండాలయ్యా!”

మేస్త్రి నడవా గోడ చూపించాడు. సిమెంటు దుమ్ము పట్టిన ఆ గోడ మీద, పడగ్గది తలుపు నుంచి బాత్‌రూమ్ మలుపు దాకా, నాలుగు వేళ్ల గీతలు బారుగా సాగి ఉన్నాయి.

“సారు పట్టపగలు కూడా ఇలా తడుముకుంటూనే వస్తారమ్మా. మొన్న స్టీలుది బిగించగానే దాని అంచుకి వేలు తెగింది. మీకు చెప్పొద్దన్నారు.”

బ్లేడు గీసుకుందనే చెప్పాడాయన తనతో.

పడగ్గది తలుపు తెరుచుకుంది. ఆయన గోడ మీద చెయ్యి ఆనించి నాలుగడుగులు వేసి, సరిగ్గా ఆమె ఎదుట ఆగాడు.

“మేస్త్రీ,” అన్నాడు గొంతు తగ్గించి, “టీచరమ్మ బడికెళ్లిపోయిందా?”