లైన్ మీద మనిషి

గాలివానకు లైన్ చివర తీగలు తెగిపోయాయి. వాటిని కట్టడానికి లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. సబ్‌స్టేషన్‌లో ముసలి ఆపరేటర్ ఆ లైన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ‘మనిషి పనిలో ఉన్నాడు’ అన్న ఎర్ర అట్ట తగిలించాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎక్కినవాడు తిరిగొచ్చి తన నోటితో "అయింది" అంటే తప్ప అది బయటికి రాకూడదు. అదీ పద్ధతి.

ఫోన్ మోగింది.

"అత్తయ్యకి ఊపిరాడట్లేదండీ!" అవతలి ఆడగొంతు గదంతా వినపడింది. "ఆక్సిజన్ మెషీన్ ఆగిపోయింది. సిలిండర్ కూడా అయిపోవచ్చింది."

"అంబులెన్సుకి చెప్పావామ్మా?"

"చెట్లు పడి దారి మూసుకుపోయిందట. కాసేపు కరెంటివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"లైన్ మీద మనిషున్నాడు తల్లీ. ఇవ్వలేను."

ఫోన్ పెట్టేశాక ఆయన చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.

కొత్తగా చేరిన వాచ్‌మన్‌కి ప్రాణం ఉసూరుమంది. "పాపం, ఎవరోగానీ! కాస్త ఇచ్చి తీసేద్దాం సార్. ఆయనింకా కొమ్మలే కొడుతుంటాడు. ఇంతలోనే తీగ ముట్టుకుంటాడా?"

"ముట్టుకుంటే?"

"పోనీ, సైకిలేసుకెళ్లి సంగతి చెప్పి తొందరపెట్టనా?"

"అసలొద్దు!" ఆపరేటర్ అరిచినంత పని చేశాడు. "ఈ మాట చెవిన పడితే వాడి చేతులు వాడి మాట వినవు. కంగారులో కాలు జారితే వాడూ దక్కడు."

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆమె బతిమాలలేదు, తిట్టింది. "మీదీ ఒక మనిషి జన్మేనా?" ఆయన ఫోన్ పెట్టేయలేదు. అన్నీ పడ్డాడు.

ఆఖరి ఫోన్‌లో తిట్లు లేవు, ఏడుపూ లేదు. ఆమె ఏదో ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఆయన రిసీవర్ చేత పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"రాయి నయం," అని గొణుక్కుంటూ వాచ్‌మన్ బయటికి నడిచాడు.

పొద్దువాలుతుండగా లైన్‌మన్ వచ్చాడు. మోకాళ్లదాకా బురద, మొహం నిండా నవ్వు.

"అయింది, ఇచ్చెయ్యొచ్చు. ఏంటివాళ, ఒక్కళ్లూ నన్ను తొందరపెట్టలేదు?"

ఆపరేటర్ కుర్చీలోంచి లేచాడు. అట్ట తీశాడు. తాళం తీశాడు. స్విచ్ వేశాడు. వీధుల్లో దీపాలు వెలిగాయి.

అప్పుడు లైన్‌మన్ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఇంటికి పోదాం పదరా, మీ అమ్మ మనిద్దర్నీ వదిలేసి పోయింది."