ఒక్క లాటు పరీక్ష

“ఛీ, ముష్టి సర్వర్లు!” నేత్ర లాప్‌టాప్ మూసేసింది.

పట్టుగూళ్ళ మార్కెట్లో ఆమె రాసిన ఆన్‌లైన్ వేలం ప్రోగ్రామ్ మూడోసారి ఆగిపోయింది. చింతామణి, బాగేపల్లి రైతులు రాశుల ముందు నిలబడి తిడుతున్నారు. వాళ్లలో ఆమె తండ్రి మునికృష్ణప్ప కూడా ఉన్నాడు.

“మా ఆఫీసు మోహిత్ అన్నిటికన్నా చిన్న సైజు సర్వర్లు తీసుకున్నాడప్పా. ఆ సర్వర్లన్నీ కలిపిన క్లస్టర్ తన్ను తాను నడుపుకోడానికే సగం మెమరీ తినేస్తాది. వేలానికి ఏం మిగులుతాది?”

మునికృష్ణప్ప గూళ్ళు వేడెక్కకుండా వాటిని తిరగేస్తూ అడిగాడు. “ఆ సైజు చాలని ఎవురు చెప్పిరి?”

నేత్ర గొంతు తగ్గింది. “నేనే. ఇంట్లో ఒక్క లాటు, అంటే ఒక్క రాశికి వేలం పెట్టి చూసినా. బాగా నడిచె.”

“పట్టుపురుగుల ఇంట్లో పెరిగినదానివి గదమ్మా! పుట్టిన దినం పురుగులన్నీ ఒక్క తట్టలో పడతాయి. గూడు కట్టేటప్పటికి ఇల్లంతా చాలదు. మనం ఏ దినం చూసి ఇల్లు కడతాం?”

ఆఫీసు గ్రూపు కోసం మోహిత్‌ను తిడుతూ రాసిన మెసేజ్ ఫోన్‌లో ఇంకా అలాగే ఉంది. నేత్ర అతని పేరు తీసేసి తన పేరు పెట్టింది. తిట్లు ఒక్కటీ మార్చకుండా పంపేసింది.