రెబ్కా పెడలు

"ఆ పెడలు పారేసి ఫ్యాను రెగ్యులేటరు పెట్టమంటే మీకెందుకండీ అంత బాధ?" మొగుడి కంచంలో పులుసు పోస్తూ శాంతి మూడోసారి అడిగింది.

ప్రసన్నకుమార్ పెరటి షెడ్డులో కత్తెర్లు సానబెడతాడు. సానరాయిని తిప్పేది కుట్టుమిషను మోటారు. పెడలు ఎంత తొక్కితే అంత వేగం. అది తొక్కే పని శాంతిది.

"రెబ్కా తొక్కితే ఒక్క అంచూ మాడేది కాదు. నువ్వు తొక్కితే అన్నీ వేడికి నీలమెక్కిపోతున్నాయి," అన్నాడు.

రెబ్కా అతని మొదటి భార్య, రెండేళ్ల కిందట పోయింది. పక్కనే తింటున్న శాంతి అత్తగారు కూడా తలూపింది.

అప్పుడే చీకట్లో షెడ్డులోంచి సానరాయి చప్పుడు వినబడింది. మెల్లగా తిరిగి, ఆగి, మళ్లీ మెల్లగా తిరిగింది. ఇంట్లో ఉండేది ముగ్గురే. ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. ప్రసన్నకుమార్ ముఖంలో చిన్న నవ్వు కదిలింది. శాంతిని చూసి అతనెన్నడూ అలా నవ్వలేదు. భయమున్నా ఆ నవ్వే ఆమెను షెడ్డు దాకా నడిపించింది.

స్టూలు ఖాళీగా ఉంది. పెడలు మాత్రం సగానికి దిగి ఉంది. పాదం మోపితే వెచ్చగా తగిలింది. ఎంత గట్టిగా తొక్కినా రాయి వేగం పెరగలేదు.

శాంతి తిరిగొచ్చి గడపలో నిలబడింది. వెనక రాయి తిరుగుతూనే ఉంది.

"రేపట్నుంచి మీరు షెడ్డులోకి రావద్దండీ," అంది మెల్లగా. "అత్తయ్యా, మీరు కూడా. ఆవిడ దగ్గర పని నేను నేర్చుకుంటా."