ఐదో గింజ

ఇవాళైనా పగిలి ఉంటుంది. పగలకపోతే? చూడకుండా ఎలా తెలుస్తుంది? మూత తీయకుండా గడియారం జబ్బు ఎవరు చెప్పగలరు?

వాచీలు బాగుచేసే ఆయన పట్టకారు తీసుకుని కుండీలో మట్టి తవ్వాడు. నాలుగో గింజ నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. మళ్లీ కప్పెట్టి గ్లాసుడు నీళ్లు పోశాడు.

భార్య పోతూ ఐదు గింజలు వదిలి వెళ్లింది. ఆవిడ పెంచిన ఆఖరి గుమ్మడికాయవి. నలుగురు పడితేగాని కదలని కాయ. మూడు గింజలు కుళ్లిపోయాయి. ఈ రెండూ పోతే ఆ కాయ వంశం అక్కడితో సరి.

కొట్టు గోడ మీద తొమ్మిది గడియారాలు ఆడుతున్నాయి. అన్నీ గుమ్మడికాయల పోటీలో ఏటేటా ఆవిడ గెలుచుకొచ్చినవే.

ఆయన ఒక్క పోటీకీ వెళ్లలేదు. కొట్టు ఎవరు చూస్తారు?

ఆవిడ మాత్రం ఇంటికొచ్చి, తను గెలిచిన సంగతి కంటే ప్రతిసారీ రెండో స్థానంలో నిలిచే మనిషి సంగతే ఎక్కువ చెప్పేది. ఆ మనిషికి 'వెనకావిడ' అని పేరు పెట్టింది.

"ఈసారి వెనకావిడ నన్ను దాటేసేలా ఉందండీ" అంటూ మర్నాటి నుంచే ఎరువు కలిపేది.

ఆయన ఊఁ కొట్టేవాడు.

"ఏం పాతారు బాబూ అందులో?"

తలెత్తాడు. కౌంటరు అవతల ఒక ముసలావిడ, చేతిలో గుడ్డమూట.

"గుమ్మడి గింజ. పెద్ద కాయల రకం. మొలకెత్తి చావడం లేదు."

ఆవిడ అడక్కుండానే పిడికెడు మట్టి తీసి పిండింది. నీళ్లు కారాయి.

"విత్తారా, ముంచారా?"

ఆయనకు ఒళ్లు మండింది.

"కిటికీ దగ్గర చలిగాలి. దీనికి వెచ్చదనం కావాలి. రోజూ తవ్వి చూస్తున్నారా?"

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"అదే పైకొచ్చి చెబుతుంది. ఈ రకానికి తొక్క మందం బాబూ. మొన జోలికి పోకుండా చుట్టూ అంచుని ఆకురాయితో సన్నగా గీకండి. ఒక పూట గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, మొన కిందికి పెట్టి పాతండి. అన్ని పనిముట్లూ ఉన్నాయి మీ దగ్గర. చేతులు కట్టుకు కూర్చోవడమే లేదు."

"చూడమ్మా, ఆ గోడ మీదవన్నీ నా భార్య గెలిచినవి. మీరెప్పుడైనా గెలిచారా?"

ఆవిడ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా, తీరిగ్గా చూసింది.

"లేదు బాబూ. ఒక్కసారీ గెలవలేదు."

"మరి!"

ఆ ఒక్క ముక్క అనగానే ఆయనకు ప్రాణం హాయిగా ఉంది. ఎందుకంత హాయో ఆలోచించలేదు.

ఆవిడ మూట ముందుకు జరిపింది.

"టేబుల్ గడియారం. ఆగిపోయింది. తొందరేం లేదు, అది మొలిచాకే చూద్దురు గాని."

చీటీ రాసిచ్చి, మూట విప్పకుండానే అరలోకి తోశాడు.

మూడో రోజు పొద్దున్నే మళ్లీ తవ్వాడు. పట్టకారుకు ఏదో మెత్తగా తగిలింది. కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. బియ్యపు గింజంత తెల్లటి వేరు. మధ్యకు విరిగి ఉంది.

మొలిచింది. తనే విరిచాడు.

ఆస్పత్రిలో భార్య దగ్గరా ఇంతే. కాస్త కునుకు పట్టిన మనిషిని గంటకోసారి లేపి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఆవిడ ప్రతిసారీ కళ్లు తెరిచి, "బానే ఉందండీ, పడుకోనివ్వండి" అనేది.

ఐదో గింజను ముసలావిడ చెప్పినట్టే గీకాడు, నానబెట్టాడు, మొన కిందికి పెట్టాడు. మట్టి చేతికి అంటీ అంటనట్టుగా తడిపాడు. కుండీని కిటికీ దగ్గర్నుంచి తీసి, పని బల్ల మీది బల్బు కిందికి మార్చాడు. పట్టకారు సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎదురు కొట్టు దర్జీకి ఇచ్చాడు.

"నేనడిగినా ఇవ్వకు."

"ఏంటి, తాగుడు మానేస్తున్నావా?"

"అలాంటిదే."

రెండు రోజులకే వెళ్లి అడిగాడు. దర్జీ ఇవ్వలేదు.

ఆరో రోజు మట్టి దానంతటదే పగిలింది. నెత్తిన గింజ తొక్కను టోపీలా పెట్టుకుని, నడుం వంచుకుని, పచ్చటి కాడ పైకొచ్చింది.

ఎవరికి చెప్పాలి? తలుపు చప్పుడైనప్పుడల్లా ముసలావిడేమోనని చూశాడు. నెల గడిచింది. కుండీలోది పెరట్లోకి మారి, తీగ సాగింది.

ఒకరోజు ఒకమ్మాయి చీటీ పట్టుకుని వచ్చింది.

"మా పెద్దమ్మదండీ. ఆవిడ పోయి పది రోజులైంది."

చీటీ వెనక వంకర అక్షరాలతో ఒకటే మాట: మొలిచిందా?

"మంచం మీద ఉన్నన్నాళ్లూ ఇదే అడిగేది. ఈ ఏడు తను మాత్రం ఏమీ నాటలేదు. ఎవరి మీద పంతానికి నాటను, అంది."

"గడియారం ఇంకా చూడలేదమ్మా." ఆయన గొంతు తగ్గింది. "మూట కూడా విప్పలేదు."

"మీరే ఉంచేసుకోండి. ఇంట్లో ఇలాంటివే ఇంకా ఎనిమిదున్నాయి."

అమ్మాయి వెళ్లాక ఆయన మూట విప్పాడు. గోడ మీది తొమ్మిదింటి మీదా ఉన్న చిన్న గుమ్మడికాయ బొమ్మే దీని మీదా ఉంది. బొమ్మ కింద మాత్రం ఒకటికి బదులు రెండు అంకె.

మూత తీసి, దుమ్ము తుడిచి, నూనె చుక్క వేశాడు. గోడకు ఆ తొమ్మిదింటి పక్కన చిన్న చెక్క బిగించి, దాని మీద వెనకావిడను నిలబెట్టి, కీ ఇచ్చాడు.